గేమ్స్ ఆడాలి, రోజూ మోయాలి, ఐదేళ్లు మన్నాలి: అలాంటి ల్యాప్‌టాప్ ఎంచుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్ కొనేవాళ్లలో చాలామంది మొదట గ్రాఫిక్స్ కార్డు పేరు చూస్తారు, ఆ తర్వాత ధర చూస్తారు, బరువు సంగతి మాత్రం పెట్టె విప్పి చేతిలోకి తీసుకున్నాకే తెలుస్తుంది. ఈ వరుసను తిరగేయండి అన్నదే నా సలహా. ముందు ఎంత బరువు మోయగలరో తేల్చుకోండి, ఆ బరువులో ఎంత వేడిని బయటికి నెట్టగలిగే మెషీన్ దొరుకుతుందో చూడండి, ఆ వేడికి తగ్గ జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఏదో అది తీసుకోండి. గేమింగ్ స్పీడ్ అంటే చివరికి వాట్ల లెక్కే. ఖర్చయిన ప్రతి వాటూ వేడిగా మారుతుంది, ఆ వేడి పోవాలంటే రాగి పైపులు, పెద్ద ఫ్యాన్లు, గాలి ఆడే సందు కావాలి, ఇవన్నీ కలిస్తే మందమూ బరువూ పెరుగుతాయి. తేలిక, గట్టిదనం, స్పీడ్ మూడూ నూటికి నూరుపాళ్లు ఉన్న ల్యాప్‌టాప్ ఏ కంపెనీ దగ్గరా లేదు. కొంత ఎక్కడో వదులుకోవాలి. ఎక్కడ అన్నది మీరు తేల్చుకోకపోతే కంపెనీయే తేల్చేస్తుంది, ఆ విషయం బాక్సు మీద మాత్రం రాయదు.

1. బరువు: ఛార్జర్‌తో కలిపి లెక్కేయండి

స్పెసిఫికేషన్ల పేజీలో 2.4 కిలోలు అని ఉంటే అది ల్యాప్‌టాప్ బరువు మాత్రమే. 16 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్‌తో వచ్చే 230 వాట్ల అడాప్టర్, దాని తీగలు కలిపితే ముప్పావు కిలో దాకా ఉంటుంది. అంటే భుజానికి తగిలించేది మూడు కిలోల పైమాటే. 14 అంగుళాల గేమింగ్ మోడల్స్ ఇంతకంటే బాగా తేలిక. 2024లో వచ్చిన ఏసుస్ ఆర్‌ఓజీ జెఫిరస్ జీ14 దాదాపు కిలోన్నర, హెచ్‌పీ ఒమెన్ ట్రాన్సెండ్ 14 దాదాపు 1.6 కిలోలు ఉంటాయి.

మూడు కిలోలంటే ఎంతో ఊరికే ఊహించుకోవద్దు. లీటరు నీళ్ల సీసాలు మూడు బ్యాగులో వేసుకుని, మీరు రోజూ వెళ్లే దారిలో, మెట్లతో సహా, ఒకట్రెండు రోజులు తిరిగి చూడండి. సాయంత్రానికి భుజం ఏమంటుందో అదే మీ జవాబు.

ఇక్కడే ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ ల్యాప్‌టాప్ టైప్-సీ పోర్ట్ ద్వారా, పవర్ డెలివరీ పద్ధతిలో ఛార్జ్ అవుతుందా? అవుతుందంటే క్లాసుకో ఆఫీసుకో వెళ్లేటప్పుడు అరచేతిలో పట్టే చిన్న 100 వాట్ల ఛార్జర్ వేసుకెళ్తే చాలు, ఇటుకలాంటి పెద్ద అడాప్టర్ ఇంట్లోనే ఉంటుంది. కాకపోతే ఆ చిన్న ఛార్జర్‌తో భారీ గేమ్ ఆడితే ప్లగ్ పెట్టి ఉన్నా బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది, ఎందుకంటే మెషీన్ తాగేది అది ఇచ్చేదానికంటే ఎక్కువ. 2021లో వచ్చిన పవర్ డెలివరీ 3.1 ప్రమాణం టైప్-సీలో 240 వాట్ల దాకా అనుమతిస్తుంది గానీ, ప్రమాణంలో ఉన్నంత మాత్రాన మీ ల్యాప్‌టాప్ పోర్ట్ అంత తీసుకుంటుందని అర్థం కాదు. మోడల్ పేజీలో ఎన్ని వాట్లని రాశారో చూడండి.

2. ఏ గేమ్స్, ఎక్కడ ఆడతారు?

ఇది నిజాయితీగా రాసుకోవాలి. వాలరెంట్ లాంటి తేలికపాటి గేమ్స్ మాత్రమే ఆడేవాళ్లకు ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు, రేడియాన్ 780ఎం, 890ఎం, ఇంటెల్ ఆర్క్ 140వీ లాంటి ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చే గ్రాఫిక్స్‌తో హాయిగా నడుస్తుంది, బరువు కిలో పావు దగ్గరే ఆగిపోతుంది. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ గేమ్స్ రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా చూపే పద్ధతి) వేసుకుని ఆడాలంటే మాత్రం కథ వేరు.

ఎక్కడ అన్నది అంతకంటే ముఖ్యం. గేమింగ్ అంతా ఇంట్లో ఒకే టేబుల్ దగ్గర జరిగేదైతే, తేలికపాటి ల్యాప్‌టాప్ ఒకటి, డెస్క్‌టాప్ ఒకటి అన్న పాత పద్ధతే ఇప్పటికీ మంచిది. ప్రయాణంలో ఆడుకోవడమే ముఖ్యమైతే స్టీమ్ డెక్ లాంటి హ్యాండ్‌హెల్డ్ తీసుకుని ల్యాప్‌టాప్‌ను పనికి మాత్రం వాడుకోవచ్చు. రెండు చోట్లా ఒకటే మెషీన్ కావాలి, రెండు కొనే ఉద్దేశం లేదు అనుకున్నవాళ్లకే మిగతా గోల అంతా.

3. జీపీయూ: పేరు పక్కన వాట్లు చూడండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కాస్త నింపాదిగా చదవండి.

ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ జీపీయూను, ఆ చిప్ తెచ్చిన ఎన్‌విడియా, 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా సెట్ చేసుకోవచ్చని కంపెనీలకు వదిలేసింది. దీనిపైన డైనమిక్ బూస్ట్ అని, ప్రాసెసర్ వాడని వాట్లు ఇటు మళ్లి ఇంకొంత వస్తుంది, కొన్ని మందపాటి ల్యాప్‌టాప్‌లలో అన్నీ కలిపి 140 వాట్లని రాస్తారు. స్టిక్కర్ మీద మాత్రం అన్నిటికీ ఒకటే పేరు. కాబట్టి పల్చటి ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో నడిచే 4070, కాస్త మందంగా ఉండి పూర్తి వాట్లు అందుకునే 4060 ముందు వెలవెలపోవడం మామూలే. మీరు ఎక్కువ డబ్బు పెట్టింది పేరుకే అవుతుంది.

ఒకప్పుడు ఇది కొంత తేలిగ్గా తెలిసేది. 2017లో ఎన్‌విడియా మ్యాక్స్-క్యూ అని ఒక పేరు తెచ్చింది, తక్కువ వాట్ల చిప్ అయితే పేరు చివర అది ఉండేది. 2021లో ల్యాప్‌టాప్‌లకు ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ వచ్చేసరికి ఆ తోక తీసేశారు, అప్పట్నుంచి వాట్ల సంఖ్య వెతుక్కునే పని మన మీద పడింది. కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ల అడుగున చిన్న అక్షరాల్లో టీజీపీ (జీపీయూ మొత్తం వాట్లు) అనో, మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అనో ఉంటుంది. అక్కడ లేకపోతే మంచి రివ్యూలో ఉంటుంది. ఎక్కడా లేకపోతే ఆ మోడల్‌ను పక్కన పెట్టేయండి, చెప్పుకోదగ్గ సంఖ్య అయితే దాచరు కదా.

అలాగని గుడ్డిగా ఎక్కువ వాట్ల వెంట కూడా పడనక్కర్లేదు. 4060 విషయంలో 100 వాట్లు దాటాక వచ్చే లాభం చాలా తక్కువ, వేడీ ఫ్యాన్ మోతా మాత్రం పెరుగుతూనే ఉంటాయి. మోసుకెళ్లాల్సిన మెషీన్‌లో 80 నుంచి 100 వాట్ల మధ్య నడిచే 4060 గానీ, దాని తర్వాతి తరం 5060 గానీ ఉంటే నా దృష్టిలో అదే సరైన చోటు. 60 వాట్లకు దిగిందంటే గేమింగ్ ల్యాప్‌టాప్ అనడానికి కాస్త మొహమాటపడాలి.

డెస్క్‌టాప్ రివ్యూ చూసి ల్యాప్‌టాప్ కొనకండి. పేరొకటే అయినా చిప్‌లు వేరు. ల్యాప్‌టాప్ 4070లో 8 జీబీ వీడియో మెమరీ, డెస్క్‌టాప్ 4070లో 12. ల్యాప్‌టాప్ 4090లో 16, డెస్క్‌టాప్‌లో 24.

మెమరీ మాట వచ్చింది కాబట్టి: 4050లో 6 జీబీయే, కొత్త గేమ్స్‌లో టెక్స్‌చర్స్ (వస్తువుల మీది బొమ్మల నాణ్యత) తగ్గించుకోక తప్పదు. 4060, 4070, 5060, 5070 నాలుగింటికీ ల్యాప్‌టాప్ వెర్షన్లలో 8 జీబీనే మొదట్నుంచీ ఉన్నది. అందుకే 5060 నుంచి 5070కి ఎక్కువ డబ్బు పెట్టి ఎగబాకడం నాకు పెద్దగా నచ్చదు. ఎక్కదలిస్తే 12 జీబీ ఉన్న 5070 టీఐకి ఎక్కాలి, అప్పుడు మాత్రం బరువు మళ్లీ పెరుగుతుందని గుర్తుంచుకోండి.

మక్స్ స్విచ్ ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే గ్రాఫిక్స్ కార్డు తయారుచేసిన ప్రతి ఫ్రేమూ (తెర మీద వరుసగా వచ్చే ఒక్కో బొమ్మ) ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ గుండా తెర మీదికి వస్తుంది, దారిలో కొంత స్పీడ్ పోతుంది. స్విచ్ ఉంటే ఆడేటప్పుడు నేరుగా కలుపుకోవచ్చు, మిగతా సమయంలో బ్యాటరీ ఆదా కోసం పాత దారిలోనే ఉంచుకోవచ్చు.

ఇంకో దారి కూడా ఉంది. ఏఎండీ రైజెన్ ఏఐ మ్యాక్స్ ప్లస్ 395 అనే చిప్‌లో 40 కంప్యూట్ యూనిట్లు (గ్రాఫిక్స్ పని చేసే భాగాలు) ఉన్న రేడియాన్ 8060ఎస్ గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, వేరే కార్డు ఉండదు. 2025 నాటి ఆర్‌ఓజీ ఫ్లో జెడ్13లో పెట్టింది ఇదే. ఆలోచన బాగుంది, ధర మాత్రం మనసు విరిచేస్తుంది.

4. ప్రాసెసర్ మీద ఎక్కువ తగలేయొద్దు

పేరు చివర హెచ్‌ఎక్స్ అని ఉన్న ఇంటెల్ చిప్‌లు డెస్క్‌టాప్ చిప్‌లను ల్యాప్‌టాప్‌లో కూర్చోబెట్టినవి, బ్యాటరీని తెగ తాగుతాయి. మోసుకెళ్లడానికి హెచ్ లేదా హెచ్‌ఎస్ చాలు. ఏఎండీ హెచ్‌ఎక్స్ అన్ని చోట్లా అలాంటిదే కాదు, తేలికపాటి ల్యాప్‌టాప్‌లలో వచ్చే చిప్‌లకు కూడా ఆ అక్షరాలు తగిలించారు, కాబట్టి అక్షరాలు చూసి ఆగిపోకుండా మోడల్‌ను వెతకండి. ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడటం అలవాటు చేసుకోండి, చిప్ డిజైన్ ఏ తరందో (దాన్ని జెన్ అంటారు) అది చెబుతుంది: 7840హెచ్‌ఎస్‌లో అది 4 కాబట్టి జెన్ 4, 7735హెచ్‌ఎస్‌లో 3 కాబట్టి పాత జెన్ 3 ప్లస్. కొత్త పేరుతో పాత చిప్ అన్నమాట. చవగ్గా వస్తే పాతదైనా ఫర్వాలేదు, కొత్తదాని ధరకు మాత్రం కొనకండి.

5. గట్టిదనం: స్టిక్కర్‌ను నమ్మకుండా చేత్తో చూడండి

మిల్-ఎస్‌టీడీ-810హెచ్ పాస్ అయిందని చాలా ల్యాప్‌టాప్‌ల మీద గొప్పగా రాస్తారు. అది అమెరికా రక్షణ శాఖ 2019లో ప్రచురించిన పరీక్షల పుస్తకం. అందులో పడేయడం, కుదిపేయడం, దుమ్ము, తేమ, ఎత్తు ఇలా బోలెడు పరీక్షలున్నాయి, వాటిలో ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకోవచ్చు, సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ శాఖంటూ ఏదీ లేదు. కాబట్టి ఆ ముక్క కనిపిస్తే, ఏ పరీక్షలు, ఎన్ని అని చూడండి. పూర్తి జాబితా ఇచ్చిన కంపెనీకి ఒక మార్కు ఎక్కువ వేయొచ్చు, అంతకుమించి వద్దు.

వీలైతే షోరూంలోనో, అదే మోడల్ వాడుతున్న స్నేహితుడి దగ్గరో దాన్ని చేతిలోకి తీసుకోండి. ముందు మూత తెరవండి, మధ్యలో పట్టుకుని కాదు, ఒక మూల పట్టుకుని మెల్లగా. తెరిచేటప్పుడు కీలు (మూత తిరిగే మడత) దగ్గర, తెర చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేముకూ మూతకూ మధ్య సన్నటి సందు తెరుచుకుని మళ్లీ మూసుకుంటోందా చూడండి. తెరుచుకుంటోందంటే వద్దనేయండి. చవక మోడల్స్‌లో కీలు స్క్రూలు ప్లాస్టిక్‌లో గుచ్చిన చిన్న ఇత్తడి నట్లను పట్టుకుని ఉంటాయి. కీలు బిగుతుగా ఉంటే తెరిచిన ప్రతిసారీ ఆ నట్లను పైకి లాగుతూ ఉంటుంది, ఏడాదో రెండేళ్లో అయ్యాక ఒక రోజు టక్‌మని ప్లాస్టిక్ ఊడి చేతికొస్తుంది. అప్పుడు లోపలి మదర్‌బోర్డు, జీపీయూ అన్నీ బంగారంలా పనిచేస్తుంటాయి, మూత మాత్రం నిలబడదు. ఏ ల్యాప్‌టాప్ అయినా సరే, కొన్నాక మూతను ఎప్పుడూ మధ్యలో పట్టుకునే తెరవండి.

తర్వాత ల్యాప్‌టాప్‌ను ముందువైపు ఒక మూల పట్టుకుని పైకెత్తండి, కిర్రుమంటే బాడీ వంగుతోందని అర్థం. కీబోర్డు మధ్యలో బొటనవేలితో నొక్కండి, కొంచెం దిగితే ఫర్వాలేదు, గుంట పడితే వద్దు. మూత వెనక వేళ్లతో మెల్లగా నొక్కి తెర మీద అలలు వస్తున్నాయా చూడండి, కిక్కిరిసిన బ్యాగులో జరిగేది అదే. లోహపు బాడీ అయితే చాలు అనుకోవద్దు, అల్యూమినియం సొట్ట పడితే అలాగే ఉండిపోతుంది, వేడిని నేరుగా వేళ్లకు అందిస్తుంది. మంచి ప్లాస్టిక్ కొంచెం వంగి మళ్లీ మామూలుగా అయిపోతుంది. మెగ్నీషియం మిశ్రమ లోహం తేలిక, అది దొరికితే మంచిదే.

ఛార్జింగ్ పోర్ట్ సంగతి చాలామంది అడగరు. లోపల అది చిన్న తీగతో విడిగా కలిపినదైతే పాడైనప్పుడు ఆ ముక్క మార్చేస్తే సరిపోతుంది. మదర్‌బోర్డుకే అతికించి ఉంటే, కాలికి తీగ తగిలి ఒక్కసారి గట్టిగా లాగినందుకు బోర్డు రిపేరు దాకా పోవాల్సి రావచ్చు. అడుగు మూత విప్పిన వీడియో ఒకటి వెతికి చూడండి, ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అదే వీడియోలో ర్యామ్ కూడా చూడండి. పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ శాతం ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తున్నారు, పైన చెప్పిన 2024 జీ14లోనూ అంతే. అతికించినదైతే మొదట్లోనే 32 జీబీ తీసుకోండి, తర్వాత పెంచుకునే దారి ఉండదు. స్లాట్లుంటే 16తో మొదలుపెట్టొచ్చు, కానీ ఒకే స్టిక్ కాకుండా రెండు 8 జీబీ స్టిక్స్ ఉండేలా చూసుకోండి, ఒంటి స్టిక్ అయితే గేమ్స్‌లో ఫ్రేములు తగ్గుతాయి. ఎస్‌ఎస్‌డీకి రెండో స్లాట్ ఉంటే మరీ మంచిది.

వేడిని కూడా గట్టిదనం కిందే లెక్కేయాలి, ల్యాప్‌టాప్ ఆయుష్షు తినేది అదే. గాలి అడుగు నుంచి లోపలికి వెళ్తుంది, అడుగున రబ్బరు కాళ్లు కాగితమంత ఎత్తే ఉంటే ఫ్యాన్లు ఎంత మంచివైనా ఊపిరాడదు. అడుగు మూత మామూలు స్క్రూడ్రైవర్‌తో వస్తుందా, ఫ్యాన్ల దుమ్ము మనమే దులుపుకోవచ్చా, దులిపితే వారంటీ వాళ్లు ఏమంటారు అన్నవి కొనకముందే అడిగేయండి. కొన్నిటిలో చిప్ మీద పేస్టుకు బదులు లిక్విడ్ మెటల్ వేస్తారు. చల్లబరచడంలో అది దిట్టే, కానీ అందులోని గాలియం కరెంటును పారనిస్తుంది, అల్యూమినియంను తినేస్తుంది. అలాంటి మోడల్‌లో ఫ్యాన్లు తుడవండి గానీ హీట్‌సింక్‌ను (చిప్ మీద వేడిని లాగే లోహపు భాగం) మాత్రం ముట్టుకోవద్దు.

6. తెర

14 నుంచి 16 అంగుళాలు, 16:10 ఆకారం, కనీసం 300 నిట్ల వెలుగు, ఎస్‌ఆర్‌జీబీ (తెర చూపగల రంగుల కొలత) 100 శాతం. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగులకే ఇంకో కొలత) అని రాసి ఉందంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి, జీపీయూ ఎంత గొప్పదైనా సరే ఆ తెర వద్దు. 144 హెర్ట్జ్ (సెకనుకు తెర మారే సార్లు) పైన పెద్దగా ఆరాటపడక్కర్లేదు, పోటీ గేమ్స్ సీరియస్‌గా ఆడేవాళ్లకు తప్ప. ఓఎల్‌ఈడీ చూడముచ్చటగా ఉంటుంది, కానీ రోజంతా కదలని టూల్‌బార్లతో పనిచేసేవాళ్లకు ఆ గుర్తులు తెర మీద ఉండిపోయే ప్రమాదం ఎంతో కొంత ఉంది.

7. బ్యాటరీ లెక్క

విమానంలో ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగే లిథియం బ్యాటరీ పరిమితి 100 వాట్-అవర్లు, అందుకే పెద్ద ల్యాప్‌టాప్‌లు కూడా 99 దగ్గర ఆగిపోతాయి. 14 అంగుళాల్లో 70కి పైన ఉంటే సంతోషించండి. బ్యాటరీ మీద గేమింగ్ గురించి ఎక్కువ ఆశలు వద్దు, లెక్క చాలా సింపుల్: 75 వాట్-అవర్ల బ్యాటరీ, మెషీన్ 75 వాట్లు తాగితే గంట. అది కూడా ప్లగ్ తీయగానే జీపీయూ వాట్లు బాగా తగ్గించేశాక. మామూలు పనిలో ఎన్ని గంటలు వస్తుందన్నదే మీకు కావాల్సిన సంఖ్య.

ఎక్కువసేపు ప్లగ్‌లోనే ఉంచి ఆడేవాళ్లయితే ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగే సెట్టింగ్ ఉందో లేదో చూడండి, ఇప్పుడు చాలా కంపెనీలు ఇస్తున్నాయి. నిండా ఛార్జ్ అయి, వేడెక్కి, అలాగే నెలల తరబడి ఉండటం లిథియం బ్యాటరీకి చేటు. ఎప్పుడైనా టచ్‌ప్యాడ్ ఒక పక్క క్లిక్ అవ్వడం మానేసినా, కాస్త పైకి లేచినట్టున్నా అది టచ్‌ప్యాడ్ జబ్బు కాకపోవచ్చు, కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. వెంటనే వాడకం ఆపి సర్వీస్‌కు ఇవ్వండి.

8. రివ్యూలో ఏం చూడాలి

మొదటి ఐదు నిమిషాల స్కోరు ఎవరికైనా వస్తుంది. అరగంట ఆడాక జీపీయూ ఎన్ని వాట్ల దగ్గర నిలబడింది, ప్రాసెసర్ ఎంత వేడిలో ఉంది, గేమ్‌లో కదలడానికి వాడే డబ్ల్యూఏఎస్‌డీ కీల దగ్గర ఎంత కాలుతోంది, ఫ్యాన్ మోత ఎన్ని డెసిబెల్స్ అన్నవి చెప్పిన రివ్యూ ఒక్కటి దొరికితే చాలు. 50 డెసిబెల్స్ దాటితే హెడ్‌ఫోన్స్ లేకుండా కష్టం, పక్కవాళ్లు కూడా తలతిప్పి చూస్తారు. రివ్యూలోది, మీరు కొనేది ఒకే కాన్ఫిగరేషనా అని తప్పకుండా సరిచూసుకోండి. ఒకే పేరుతో తెర, ర్యామ్, వాట్లు అన్నీ వేరుగా ఉన్న మెషీన్లు అమ్ముతుంటారు.

9. ఇంటికొచ్చాక

రిటర్న్ గడువు ఎన్ని రోజులో ముందే తెలుసుకుని, స్టిక్కర్లు పీకకుండా, బాక్సు పారేయకుండా ఇవి చేయండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో జీపీయూ గరిష్ఠ వాట్లు కనిపిస్తాయి, చెప్పినంతే ఉందా సరిచూడండి. వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి, మీరు నిజంగా ఆడే గేమే అరగంట ఆడండి. ప్రాసెసర్ కాసేపు 95 డిగ్రీలు తాకితే కంగారు పడకండి, గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో అది మామూలే, ఫ్రేములు పడిపోతున్నాయా అన్నదే చూడాల్సింది. తెరంతా తెలుపు, నలుపు, ఎరుపు రంగులు పెట్టి చనిపోయిన పిక్సెల్స్ వెతకండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో గేమ్ మెనూ దగ్గర ఆపి చెవి పెట్టి వినండి, సన్నగా ఈల లాంటి చప్పుడు వస్తే అది తర్వాత తగ్గుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

మోసుకెళ్లే మెషీన్‌కు ఇంకో పరీక్ష ఉంది. మూత వేసి, బ్యాగులో పెట్టి, రెండు గంటలయ్యాక తీసి చూడండి. వేడిగా ఉందంటే నిద్రపోవాల్సింది బ్యాగులోనే మేలుకుంటోందన్నమాట. విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో మూత మూసినప్పుడు స్లీప్‌కు బదులు హైబర్నేట్ (పని దాచుకుని పూర్తిగా ఆగిపోవడం) అని మార్చి మళ్లీ ఇదే పరీక్ష చేయండి. అప్పటికీ వేడెక్కుతుంటే గడువు దాటకముందే వెనక్కి పంపేయండి, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడం కంటే అది చాలా తేలిక.